అప్‌డేట్: కడప అద్దె ఇంటి గొడవ ఏమైందంటే

మా తమ్ముడికి హెచ్‌ఐవీ అని తెలిసి ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటున్నాడని, ఏం చేయాలో చెప్పమని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేశాం. 2017లో వచ్చిన చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఇల్లు ఖాళీ చేయించకూడదట. ఆ మాట చెప్తే ఓనర్ ఇంకా బిగుసుకుపోయాడు.

చివరికి పని చేసింది ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) కౌన్సిలర్ మేడమ్ మాటే. తమ్ముడు సరేనన్నాకే ఆమె మాట్లాడింది. ఓనర్ అడిగిన మొదటి ప్రశ్న, "మరి దోమ కుడితే?" నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. దోమకాటుతో, కుళాయితో, బాత్రూమ్‌తో అంటదని, రోజూ మందు వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే ఉంటే కలయిక వల్ల కూడా సోకదని ఆమె ఓపిగ్గా చెప్పింది. తమ్ముడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) ఇప్పుడు ఆ స్థాయిలోనే ఉంది. రాత్రి సంగటి తిన్నాక ఒక మాత్ర, అంతే.

ఓనర్ ఖాళీ మాట ఎత్తడం లేదు. కుళాయి దగ్గర మా బిందెకి ఎర్రగుడ్డ కట్టిన వాళ్లావిడ తనే విప్పేసింది, మాట మాత్రం ఇంకా కలపలేదు. ఊరు మారమన్న వాళ్లకి: మారడం లేదు. అమ్మకి ఇప్పుడు వాడి పెళ్లి టెన్షన్ మొదలైంది, దాని గురించి విడిగా అడుగుతా.