అప్‌డేట్: నిలిపి ఉంచిన మోటార్‌హోమ్‌లో ఇంజిన్ బ్యాటరీ సమస్య తీరింది

పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉన్నా, నిలిపి ఉంచిన మోటార్‌హోమ్‌లో (లోపల నివసించే వీలున్న బండిలో) ఇంజిన్ బ్యాటరీ ఎందుకు దిగిపోతోందని అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఎలక్ట్రీషియన్ పరీక్షిస్తే అసలు సంగతి తేలింది. సోలార్ కంట్రోలర్‌ను (ప్యానెల్ కరెంటును అదుపు చేసి బ్యాటరీకి పంపే పరికరాన్ని) లోపలి దీపాలు, పంపు నడిపే బ్యాటరీకి మాత్రమే కలిపారు. ఇంజిన్ బ్యాటరీకి సోలార్ కరెంటు అందనే లేదు. అలారం, ట్రాకర్ (బండి ఎక్కడుందో చెప్పే పరికరం) మాత్రం ఆ బ్యాటరీని రాత్రింబవళ్లు పీల్చేస్తున్నాయి. రెండు బ్యాటరీలకూ చార్జింగ్ ఇచ్చే కంట్రోలర్ పెట్టించమన్న సలహాయే పనిచేసింది. ఇప్పుడు వారాల తరబడి బండి కదలకపోయినా ఆ లెడ్ యాసిడ్ ఇంజిన్ బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర, అంటే దాదాపు పూర్తి చార్జ్‌తో నిలుస్తోంది. తెల్లవారకముందే కొలవండి, ఎండలో కొలిస్తే కనిపించేది చార్జింగ్ వోల్టేజీ, బ్యాటరీ అసలు స్థితి కాదు.

ప్యానెల్ పరిమాణం, దుమ్ము, వంపు కోణం గురించి చాలా చర్చించాం. వాటికీ దీనికీ సంబంధం లేదు.