ట్రకోమా: ఏటా మందు వేస్తున్నా ఊళ్లోంచి ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న: మన దేశంలో ట్రకోమా (రెప్ప లోపల వచ్చే అంటు ఇన్ఫెక్షన్, ముదిరితే చూపు పోతుంది) ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరించింది. ఇథియోపియాలో మాత్రం ఏళ్ల తరబడి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఊరందరికీ పంచుతున్నా చాలా జిల్లాల్లో తగ్గట్లేదు. లోపం మందులోనా, పంచడంలోనా? డోసు కూడా బరువు చూడకుండా ఎత్తు కర్రతో కొలుస్తారట, అదెలా?

జవాబు 1: ముందు కర్ర సంగతి. డోసు కిలోకు 20 మి.గ్రా., ఒక్కసారే, 1 గ్రాము దాటకూడదు. పెద్దవాళ్లకు 250 మి.గ్రా. మాత్రలు నాలుగు. ఊరందరినీ తూచడం అయ్యే పని కాదు, అందుకే ఎత్తుకు తగిన డోసు లెక్కకట్టి కర్ర మీద గీతలు పెడతారు. చెప్పులు విప్పించి, మడమలు ఆనించి నిలబెట్టాలి. 120 సెం.మీ. లోపు పిల్లలకు మాత్ర వద్దు, సిరప్పే. 1200 మి.గ్రా. పొడి సీసాను తట్టి గడ్డలు విడగొట్టి, 15 మి.లీ. నీళ్లు పోసి గిలకొట్టాలి. అప్పుడు 5 మి.లీ.లో 200 మి.గ్రా. ఉంటుంది. పొడి అడుగున అంటుకుపోతే మొదటి పిల్లలకు నీళ్లే పోసినట్టు. ఏడుస్తున్న పిల్లకు ముక్కు మూసి పోయొద్దు, పొలమారితే ప్రాణం మీదికొస్తుంది. ఆరు నెలల లోపువాళ్లకు 1% టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్, రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు.

జవాబు 2: మందు మంచిదే. కాకపోతే అది ఇవాళ కంట్లో ఉన్న క్లామిడియాను (ట్రకోమా తెచ్చే బ్యాక్టీరియా) చంపుతుందంతే, రేపు అంటుకోకుండా ఆపదు. ఊళ్లో కనీసం 80% మందికి అందాలి. అందినా, సూక్ష్మజీవి ఎక్కువగా ఉండే చిన్నపిల్లలే తప్పిపోతే ఆ కవరేజీ కాగితం మీదే. పుసులు, చీమిడి ఉన్న నలుగురు పిల్లల మొహాలు ఒకే గుడ్డతో తుడిస్తే చాలు, మళ్లీ మొదటికే. దానికితోడు కళ్ల మీద వాలే ముస్కా సోర్బెన్స్ ఈగ ఆరుబయట పడి ఉన్న మనిషి మలంలో గుడ్లు పెడుతుంది, గుంట మరుగుదొడ్లో పెద్దగా పెరగదు. మొహం కడగడానికి గ్లాసుడు నీళ్లు చాలు. కానీ నీళ్లు మైళ్ల దూరం నుంచి మోసుకొచ్చే ఇంట్లో ఆ గ్లాసు కూడా వంటకే పోతుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

జవాబు 3: పై రెండూ సరే. ఒక సవరణ: ‘సమస్య కాదు’ అంటే సున్నా అని కాదు. 1–9 ఏళ్ల పిల్లల్లో చురుకైన ట్రకోమా 5% లోపు ఉండాలి. పైరెప్ప తిప్పితే మధ్యభాగంలో అర మిల్లీమీటరైనా ఉన్న బుడిపెలు ఐదో, అంతకుమించో కనిపిస్తే చురుకైనదని లెక్క. 15 దాటినవాళ్లలో, ఆరోగ్యశాఖ దృష్టికి రాని రెప్పవెంట్రుకలు గుచ్చుకునే కేసులు 0.2% లోపు. మందు ఆపిన ఆరు నెలలకైనా ఒక సర్వే, అది గట్టెక్కితే మందు లేకుండా రెండేళ్లాగి ఇంకోటి. చాలా జిల్లాల్లో రోగం తిరగబెట్టేది ఇక్కడే.

ఇన్ఫెక్షన్ పోయినా అది రెప్ప లోపల మిగిల్చిన పాత మచ్చ రెప్పను లోపలికి లాగుతూనే ఉంటుంది, వెంట్రుకలు కంటికి గుచ్చుకునేది అందుకే. పిల్లల్ని సాకిన ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. వెంట్రుక పీకినా కొన్ని వారాల్లో మళ్లీ మొలిచి నల్లగుడ్డును గీరుతుంది, ఆపరేషన్ చేసినా కొందరిలో తిరిగి వస్తుంది. మన దగ్గర శుక్లాల క్యాంపుకొచ్చిన ముసలమ్మల పైరెప్ప కూడా ఒకసారి తిప్పి చూడండి.