హైడ్రోఫోన్లు దించాల్సింది కళింగపట్నంలోనా, చింతపల్లిలోనా?

కళింగతీరం:
సముద్ర ధ్వని, సెన్సర్ల మీద పనిచేసే తీర పరిశోధన కేంద్రం మన వైపు పెట్టాలంటే ఎక్కడ? విజయనగరం జిల్లా చింతపల్లి అయితే విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్.ఎస్.టి.ఎల్.కి దగ్గరని కొందరి వాదన. నా మాట కళింగపట్నం. వంశధార మొగకి ఎదురుగా 30 మీటర్ల లోతులో నాలుగు హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దం వినే మైకులు, పక్కనే ఉష్ణోగ్రత, లవణీయత (నీటి ఉప్పదనం) కొలిచే సెన్సర్లు.

ధ్వనిమితి:
నది మొగలో ధ్వని పరీక్షలా? వరదల తర్వాత పైన తేలే మంచినీటి పొర సంగతేంటి? సముద్రంలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు. లవణీయత ఒక యూనిట్, అంటే కిలో నీటికి సుమారు ఒక గ్రాము ఉప్పు, తగ్గితే ఒక మీటరుకి పైగా పడిపోతుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే రెండు మూడు మీటర్లు పెరుగుతుంది. పైపొరలో వేగం తగ్గితే ధ్వని అటే వంగి అలల కింద చెదిరిపోతుంది. నీటిలో ధ్వనితో సమాచారం పంపే మోడెమ్ సంకేతం మేలో అందినా నవంబరులో అందకపోవచ్చు.

కళింగతీరం:
పరికరాన్ని సరిచూడ్డానికి ట్యాంకు ఉంది. సముద్రంలోకి వెళ్లేది ఆ వంపుని కొలవడానికే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు ప్రవాహం దక్షిణానికి పారుతూ గంగ, మహానది నీళ్లని కూడా మన వైపే తెస్తుంది. చింతపల్లికి మాత్రం రాదా? పైగా అక్కడ రాళ్లు. రాళ్లలో చిటికెల రొయ్యలు 2 నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా పోపులో ఆవాలు చిటపటలాడినట్టు రాత్రీపగలూ మోగుతాయి.

బోటుమనిషి:
తాడు పైకి తేలుతాదా, కిందే ఉంటాదా? ముందు అది సెప్పండి.

ధ్వనిమితి:
పైన బోయా ఉంటే ప్రతి అలకీ తాడు గుంజుకుంటుంది, ఆ కుదుపంతా రికార్డులో పడుతుంది. ప్రవాహం సెకనుకి అర మీటరు, తాడు 10 మిల్లీమీటర్లు అయితే తాడే 10 హెర్ట్జ్ దగ్గర ఝుమ్మంటుంది. అందుకే తాడు లేకుండా అడుగున ముక్కాలి చట్రం పెట్టాలి. ధ్వని సంకేతం పంపితే కొక్కెం విడిచి ఫ్లోటు పైకొస్తుంది.

కళింగతీరం:
మొగ దగ్గర ముక్కాలి పెడితే ఒక్క వరదకి ఒండ్రులో కూరుకుపోతుంది, ఫ్లోటు లేవదు. నీటి మధ్యలో, 15 మీటర్ల లోతున ఫ్లోటు నిలపాలి. తాడుకి పీచు తొడుగు వేస్తే ఆ ఝుంకారం తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ షాకిల్ (గొలుసుని తగిలించే కడియం), జింకు పూత గొలుసు నేరుగా కలవకూడదు, మధ్యలో ప్లాస్టిక్ బుష్ ఉండాలి. లేకపోతే గొలుసు తినేసి మొత్తం కొట్టుకుపోతుంది.

పూసపాటిరేగ:
బోయా పైన పెడితే దాని లైటు, బ్యాటరీ నెల తిరక్కుండా మాయం.

బోటుమనిషి:
పైన గుర్తు నేకపోతే వల తగులుకుంటాది. సిరిగిన వలకి డబ్బులెవుడిస్తాడు? ఇదివరకు ఇలాటివి దించినోళ్లు ఒక్కరైనా పేటలోకొచ్చి చోటు సెప్పినారా?

ధ్వనిమితి:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో దించితే ఆ గొడవే లేదు. మోటార్ల రొద లేకుండా సముద్రాన్ని వినగలిగేది ఏడాదిలో అప్పుడే. సెకనుకి 96 వేల నమూనాలు (96 కిలోహెర్ట్జ్), ఒక్కోటి 24 బిట్లతో ఆపకుండా రికార్డు తీస్తే హైడ్రోఫోనుకి రోజుకి 25 జీబీ. గంటకి ఐదు నిమిషాలు చాలు, 2 జీబీతో సరిపోతుంది.

బోటుమనిషి:
అదీ అసలు సంగతి! నిషేధంలో ఎవుడు యేటకెళ్లాడో ఇంజను సప్పుడు బట్టి పట్టిచ్చీడానికా ఇది?

ధ్వనిమితి:
ఒక్క హైడ్రోఫోనుతో శబ్దం ఎక్కడిదో తేలదు. కనీసం మూడు కావాలి, శబ్దం ఒక్కోదానికి ఎంత తేడాతో చేరిందో లెక్కకట్టడానికి వాటి గడియారాలు కలవాలి.

బోటుమనిషి:
పైన నాలుగని రాసింది మీవోళ్లే కాదేటి?

కళింగతీరం:
నాలుగు అడిగింది మొగనీరు ఎటు పరుచుకుంటుందో చూడ్డానికి, అన్నా. గడియారాలు కలపొద్దు. పది లక్షల్లో ఒక వంతు తప్పే మామూలు గడియారం రోజుకి 86 మిల్లీసెకన్లు జరుగుతుంది, అంటే ధ్వని దూరంలో 130 మీటర్లు. నెల గడిస్తే ఏ బోటు ఎక్కడుందో ఎవరూ లెక్కకట్టలేరు.

ధ్వనిమితి:
అప్పుడు తిమింగలం పిలిచినా ఎక్కడిదో తెలీదు! అలాంటి కేంద్రం నాకొద్దు. గడియారాలు కలిసి తీరాలి, రికార్డు మాత్రం పోలీసులకి ఇవ్వకూడదని షరతు పెట్టండి.

బోటుమనిషి:
షరతు నోటితో కాదు, కాగితం మీద గావాల. ఎన్ని బారల్లో, ఏ చోట దించుతారో, రికార్డు ఎవుడి సేతికెళ్తాదో రాసి పేటలో సదివి వినిపించండి. అప్పుడు మా బోటు మీదే తీస్కెళ్లి దించుతాం.