పోర్చుగల్ పాత పట్టణాలకు రైలు ప్రయాణం: ఏ ఊరిని వదులుకోవాలి?

ప్రశ్న:
లిస్బన్‌లో దిగి, రైళ్లలోనే ప్రయాణిస్తూ పోర్టో చేరాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాము. కోయింబ్రా, అవేరో, గిమరాయిష్, ఎవోరా అన్నీ చూడాలని ఉంది కానీ, చేతిలో ఉన్నది వారం రోజులే. వీటిలో దేనిని వదులుకోవచ్చు? మేము మాంసం, చేపలు ముట్టము, గుడ్డు తింటాము.

మొదటి సమాధానం:
ఎవోరాను వదులుకోండి. అక్కడి రోమన్ ఆలయం చిన్నదేమీ కాదు గానీ, ఆ ఊరు లిస్బన్‌కు తూర్పున వేరే మార్గంలో ఉన్నందున వెళ్లి మళ్లీ వెనక్కి రావలసి ఉంటుంది. మిగిలిన వాటిలో కోయింబ్రా, అవేరో పోర్టోకు వెళ్లే ప్రధాన మార్గం మీదనే ఉన్నాయి. ఆల్ఫా పెందులార్ రైలు లిస్బన్ నుంచి పోర్టోకు సుమారు 3 గంటల్లో చేరుస్తుంది. దాని టికెట్టును ముందుగా కొంటే చవక. ప్రాంతీయ రైళ్లకు ఆ తొందర అక్కరలేదు.

కోయింబ్రాకు మాత్రం ఒక పూర్తి రోజు కేటాయించండి. 1290లో లిస్బన్‌లో పుట్టి, 1537లో ఇక్కడ స్థిరపడిన విశ్వవిద్యాలయంలోని జొవనీనా గ్రంథాలయంలో, పుస్తకాలను తినే పురుగులను గబ్బిలాలు తింటాయి. వాటి రెట్టలు పడకుండా సిబ్బంది రాత్రిపూట బల్లలపై తోలు పరుస్తారు. ఇంత పాత పద్ధతి ఇంకా నడుస్తోందంటే నమ్మబుద్ధి కాదు.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తాను కానీ, మిగిలిన ఆ రోజును దోరో లోయకు ఇవ్వండి. పోర్టో నుంచి పిన్యావ్ వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. మొదటి గంటంతా నది కనిపించదు, ఆ తరువాత పట్టాలు నీటి అంచునే సాగుతాయి. 1756లోనే హద్దులు గీసి గుర్తించిన ద్రాక్షసారా ప్రాంతమిది. పిన్యావ్ స్టేషను గోడల నీలి పింగాణీ పలకలపై ద్రాక్షకోత దృశ్యాలు ఉంటాయి. పోర్టోలోని సావ్ బెంతు స్టేషనులో జోర్జ్ కొలాసు చిత్రించిన పలకలు సుమారు 20,000 ఉన్నాయి కాబట్టి, గిమరాయిష్ రైలు ఎక్కే ముందు కొంత సమయం ఉంచుకోండి.

మూడవ సమాధానం:
భోజనం గురించి రెండు మాటలు. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూపులో పంది మాంసపు సాసేజి ముక్క వేయడం ఆనవాయితీ కనుక, వద్దని ముందే చెప్పాలి. అవేరోలో పచ్చసొన, పంచదార పాకంతో చేసే ఓవుష్ మోలిష్ మీకు నిశ్చింతగా సరిపోతుంది. గిమరాయిష్‌లో దొరికే తొసీన్యు దు సెవు అనే బాదం మిఠాయిలో మాత్రం పందికొవ్వు వేసే పాత పద్ధతి ఉన్నందున, అడిగి తెలుసుకున్నాకే తినండి. మీరు అడగకుండానే బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కావు. అక్కరలేకపోతే తిప్పి పంపవచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు.