"తమ తమ నెలవులు": క్రోమోజోమ్ టెరిటరీకి తెలుగు మాట

క్రోమోజోముల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ నాలుగు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. టెరిటరీ. "క్రోమోజోమ్ టెరిటరీ" అన్నదాన్ని మనం ఏమందాం? నాకు ఒక మాట తట్టింది, కింద చెప్తాను. ముందు అసలు విషయం చెప్పకపోతే ఆ మాట అతుకుతుందో లేదో మీరు తేల్చలేరు కదా.

క్రోమోజోమ్ అనగానే అందరికీ పాఠ్యపుస్తకంలోని ఎక్స్ ఆకారం బొమ్మ గుర్తొస్తుంది. అది కణం రెండుగా విడిపోయే కాసేపు కనిపించే రూపం మాత్రమే. మిగతా సమయమంతా అది వదులై కేంద్రకంలో పరుచుకుని ఉంటుంది. మనిషి కణంలో 46 క్రోమోజోములు, వాటి డీఎన్‌ఏ మొత్తం బారుగా సాగదీస్తే దాదాపు 2 మీటర్లు, అదంతా పట్టాల్సిన కేంద్రకమేమో మిల్లీమీటరులో నూరో వంతు, అటూ ఇటూగా. అంత పొడుగు దారం అంత ఇరుకులో ఉందంటే చిక్కుపడ్డ ఉండలా అన్నీ కలగలిసిపోయి ఉంటాయనే ఎవరికైనా అనిపిస్తుంది, చాలామంది శాస్త్రవేత్తలకూ అలాగే అనిపించింది. అలా కాదు, దేని చోటు దానికి ఉంటుందని 1885లోనే కార్ల్ రాబ్ల్ ఊహించాడు. ఆ చోటుని టెరిటరీ అన్నది థియోడర్ బొవెరి, 1909లో.

రుజువు రావడానికి ఇంకో డెబ్భై ఏళ్లు పట్టింది. 1970ల చివర్లో, 80ల మొదట్లో జర్మనీలో థామస్ క్రీమర్, క్రిస్టోఫ్ క్రీమర్ అనే అన్నదమ్ములు చేసిన ప్రయోగం ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది. బతికున్న కణం కేంద్రకంలో ఒక్క చుక్కంత మేర మీద అతినీలలోహిత లేజర్ కిరణం వేశారు. లోపల అంతా కలగాపులగంగా ఉంటే ఆ చుక్కలో దాదాపు ప్రతి క్రోమోజోముదీ ఓ ముక్క ఉండాలి, దెబ్బ అన్నిటికీ తలా కాస్త తగలాలి. అలా జరగలేదు. కొన్నిటికే తగిలింది, మిగతావి చెక్కుచెదరలేదు. ఆ తర్వాత ఒక్కో క్రోమోజోముకి ఒక్కో రంగు పట్టించే పద్ధతి వచ్చాక కంటికే కనిపించింది: నీలం కేంద్రకంలో 18వ క్రోమోజోములు రెండూ రెండు ముద్దల్లా కేంద్రకం పొర దగ్గరగా, 19వవి రెండూ నడిమధ్య. ఆ రెండిటి సైజూ ఇంచుమించు ఒకటే, కానీ 19లో జన్యువులు ఒత్తుగా ఉంటాయి, 18లో పలచగా.

ఇక మాట సంగతి. "భూభాగం" రాసి కొట్టేశాను, కణంలో భూమి ఎక్కడిది? "ఇలాకా"లో పెత్తనం వినిపిస్తుంది, వేరేవాళ్లు అడుగుపెట్టకూడదన్న బెదిరింపు ఉంటుంది. ఇక్కడ క్రోమోజోముల మధ్య గోడా లేదు, పొరా లేదు, అంచుల్లో ఒకదాని పోగులు పక్కదానిలోకి వెళ్తూనే ఉంటాయి. "మండలం" అంటే ఆఫీసు గుర్తొస్తుంది. "ప్రాంతం" తప్పు కాదు కానీ అది ఎవరిదీ కాదు, అందులో సొంతం అన్న భావం లేదు.

అప్పుడు చిన్నప్పుడు కంఠతా పట్టిన సుమతీ శతకం పద్యం గుర్తొచ్చింది. "తమ తమ నెలవులు దప్పిన తమ మిత్రులె శత్రులౌట తథ్యము." నీళ్లలో ఉన్నంతసేపూ తామరకి సూర్యుడు చుట్టం, నీళ్లు వదిలి బయటికి వస్తే అదే ఎండకి కమిలిపోతుంది. నెలవు! ఉండే చోటు, ఉండదగిన చోటు, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. "అరుదైన పక్షులకు నెలవు" అని పేపర్లలో ఇప్పటికీ రాస్తున్నారు కాబట్టి చచ్చిపోయిన మాట కూడా కాదు. పైగా "తమ తమ" చూడండి. ఎవరిది వారికి అని చెప్పడానికి ఆ మాటని రెండుసార్లు అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. "కేంద్రకంలో క్రోమోజోములు తమ తమ నెలవుల్లో ఉంటాయి" అని రాసి పైకి చదువుకున్నాను. ఏమంటారు?

జవాబు:
బాగుందండీ, కానీ ఒక అనుమానం. నెలవు అంటే స్థిరంగా ఉండే చోటు కదా? కణం విడిపోయిన ప్రతిసారీ క్రోమోజోముల ఇరుగుపొరుగు మారిపోతుందని చదివాను. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట ఉండేదాన్ని నెలవు అనొచ్చా? ఇంకో మాట, క్రోమోజోమ్ బదులు "వర్ణదేహం" అనకూడదూ?

నా జవాబు:
మంచి ప్రశ్న అడిగారండీ. నిజమే, పక్కన ఎవరుంటారన్నది కణానికీ కణానికీ మారుతుంది. నిలిచేది మొగ్గు మాత్రమే: జన్యువులు ఒత్తుగా ఉన్నవి లోపలివైపు, పలచగా ఉన్నవి పొరవైపు. అది కూడా అన్ని కణాల్లో కాదు. ఎలుక లాంటి రాత్రి తిరిగే జంతువుల కంటిలో, మసక వెలుతురు పట్టే కణాల్లో ఈ అమరిక తిరగబడి ఉంటుంది, గట్టిగా ముడుచుకున్న డీఎన్‌ఏ అంతా నడిమధ్యకి చేరి వెలుగుని లోపలికి నడిపే చిన్న కటకంలా పనిచేస్తుందని 2009లో చూపించారు. కానీ నెలవుకి అర్థం చిరునామా కాదు కదండీ, పక్షుల నెలవు చెట్టు మారినా నెలవే. అయినా మీ అభ్యంతరం వల్ల ఒకటి తేలింది: ఫలానా చోటు అని కచ్చితంగా చెప్పాల్సినప్పుడు "స్థానం", తన వాటాగా పరుచుకున్న మేరకి "నెలవు". ఈ తేడా నేను ముందు చూసుకోలేదు.

వర్ణదేహం వద్దనే నా అభిప్రాయం. 1888లో వాల్డయర్ పెట్టిన గ్రీకు పేరుకి అది మాటకి మాట అనువాదమే, కానీ ఆ రంగు వాటిది కాదు, చూడడం కోసం మనం వేసిన అద్దకానిది.

జవాబు:
మాస్టారూ, పద్యంలో మీరు నెలవు పట్టుకున్నారు, నాకు "దప్పిన" బాగా నచ్చింది. ఒక క్రోమోజోమ్ ముక్క విరిగి ఇంకోదానికి అతుక్కోవడాన్ని "స్థానాంతరం" అంటున్నారు, అది ట్రాన్స్‌ఫర్ ఆర్డర్‌లా ఉంది. "నెలవు తప్పడం" అందామా?

నా జవాబు:
అందాం! మీరన్నాక బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ గుర్తొచ్చింది. 8వ క్రోమోజోము మీద మిక్ అనే జన్యువు ఉంది, కణం పెరగడానికి, విడిపోవడానికి అది కావాల్సిందే, తన చోట ఉన్నంతవరకు ఎప్పుడు ఎంత పనిచేయాలో అంతే పనిచేస్తుంది. 14వ దాని మీద యాంటీబాడీల తయారీ జన్యువు, దాన్ని బి కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాల్లో) గట్టిగా ఉరికించే ఎన్‌హాన్సర్ అనే డీఎన్‌ఏ ముక్క ఉన్నాయి. ఈ రెండు క్రోమోజోములూ విరిగి ముక్కలు మార్చుకుంటే మిక్ వెళ్లి ఆ ఎన్‌హాన్సర్ పక్కన పడుతుంది, ఇక దానికి ఆగడం ఉండదు. రెండూ మనకి మేలు చేసేవే, చెడ్డది ఒక్కటీ లేదు. నెలవు తప్పింది, అంతే. కేంద్రకంలో దగ్గర దగ్గరగా ఉన్నవే ఇలా ముక్కలు మార్చుకునే అవకాశం ఎక్కువ, అందుకే ఎవరి నెలవు ఎవరి పక్కన అన్నది డాక్టర్లకి కూడా పట్టే విషయం.

పద్యంలో జన్యుశాస్త్రం ఉందని మాత్రం నేను అనడం లేదు, దయచేసి ఎవరూ అలా షేర్ చేయొద్దు. పద్యంలో మంచి తెలుగు మాట ఉంది, మనకి పనికొచ్చింది.

వ్యాసంలో రెండు మాటలూ మార్చేశాను. ఇప్పుడు "లూప్" దగ్గర ఆగాను. కొహీసిన్ అనే ఉంగరం లాంటి ప్రోటీన్ డీఎన్‌ఏని లోపలినుంచి లాగుతూ పోతే అది చెవిపోగులా పెద్దదవుతూ బయటికి వస్తుంది, సీటీసీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ అడ్డు తగిలిన చోట ఆగుతుంది. "ఉచ్చు" అంటే పట్టేసేది అయిపోతుంది, "మెలిక" అంటే తిప్పినట్టు ఉంది, ఇక్కడ తిప్పడం లేదు. మీ దగ్గర ఏదైనా మాట ఉందా?