కనిగిరి వైపు దవడ నొప్పులు: తప్పంతా ఫ్లోరైడ్ నీళ్ళదేనా, పళ్ళు పీకించడమే మందా?

పొదిలి వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మా కుటుంబంలో ఒక విషయం మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇక్కడ ఈ ప్రాంతం తెలిసినవారూ వైద్యం తెలిసినవారూ ఉన్నారు కనుక దాన్ని చర్చకు పెడుతున్నాను. మా అక్కకు యాభై ఆరేళ్ళు, కాపురం కనిగిరి అవతల ఒక మెట్ట గ్రామంలో. కొన్ని నెలలుగా ఆమెకు కుడివైపు పై దవడలో నొప్పి వస్తోంది. దగ్గరి పట్టణంలో చూపిస్తే మొదట ఒక దవడ పన్ను తీశారు, తరువాత దాని పక్కది తీశారు. నొప్పి మాత్రం ఉన్నచోటనే ఉంది. ఇప్పుడు మూడోది కూడా తీయాలంటున్నారు. ఇక్కడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళు ఎప్పటికైనా పోవలసినవేననీ, ఒక్కొక్కదాని కోసం బాధపడేకంటే అన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించడం మేలనీ మా బావగారి వాదన. ఊరి పెద్దలదీ అదే మాట. నాకు అది మింగుడు పడడం లేదు.

నొప్పి వచ్చే తీరు కూడా చెబుతాను. పొద్దున ముఖం మీద నీళ్ళు చల్లుకోగానే ముక్కు పక్కనుంచి పై దవడలోకి కరెంటు కొట్టినట్టు ఒక పోటు వస్తుంది, పది అంకెలు లెక్కపెట్టేలోపే పోతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. ఆ భయంతో ఆమె ఇప్పుడు ముఖం ఒక పక్కనే కడుగుతోంది. మొన్న నేను వెళ్ళినప్పుడు ఎడమ చెంప కడిగి తుడిచి ఉంది, కుడి చెంప మీద మాత్రం ముందురోజు రాసుకున్న పసుపు అలాగే ఉంది. రాత్రిళ్ళు నిద్ర బాగానే పడుతుందట. ఇది నీళ్ళవల్ల వచ్చిందే అనుకోవాలా? మూడో పన్ను తీయించడం సబబేనా?

మెట్ట రైతు:
పొదిలి వాసి గారూ, మీ బావగారి మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మన దేశంలో, ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ళవల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బయిన ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. అంటే మా తాతల నాడే ఈ నీళ్ళ సంగతి కాగితం మీదికి ఎక్కింది. ఎక్కి ఏం లాభం? మా ఊరి బడిలో ఫొటో తీసేటప్పుడు పిల్లలు పళ్ళు కనబడతాయని పెదవులు బిగించుకుని నిలబడతారు. పెద్దవాళ్ళను వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా తిరుగుతాడు. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణా జలాలు వస్తాయని వింటూనే ఒక తరం ముసలిదైపోయింది. స్తోమత ఉన్నవాళ్ళు డబ్బా నీళ్ళు కొనుక్కుంటారు, వాళ్ళయినా వంటకు వాడేది బోరు నీళ్ళే. వెన్నెముకను పట్టి, మోకాళ్ళను పట్టి వంచే నీళ్ళు దవడ ఎముకను మాత్రం కనికరించి వదిలేస్తాయా? ఒక్కొక్క నొప్పికి ఒక్కొక్క పేరు పెట్టి అసలు సంగతిని పక్కకు నెట్టడం మేం చాలాకాలంగా చూస్తున్నదే.

నెల్లూరు దంతవైద్యురాలు:
రైతుగారూ, నీళ్ళ గురించి మీరు చెప్పినదాన్ని నేను కాదనను. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం చెబుతుంది. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది, కాబట్టి వంట నీళ్ళ గురించి మీరు చెప్పిందీ నిజమే. అయితే పంటి మీది మచ్చ వేరు, పంటి నొప్పి వేరు. పళ్ళకు ఫ్లోరోసిస్ వచ్చేది వాటి పింగాణీ పొర దవడ లోపల తయారవుతున్న వయసులోనే. జ్ఞానదంతాలను పక్కన పెడితే అది సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసు దాటాక ఎంతకాలం ఆ నీళ్ళు తాగినా అప్పటికే తయారైన పంటికి కొత్తగా మచ్చ పడదు. అందుకని నేనైతే ముందు అక్కగారి పుట్టిల్లు ఎక్కడని అడుగుతాను. మచ్చ ఉన్న పన్ను కూడా దానంతటది నొప్పి పెట్టదు. జబ్బు మరీ తీవ్రంగా ఉండి పింగాణీ పెచ్చులూడిపోతే మాత్రం లోపలి పొరకు చల్లటిది తగిలి జివ్వుమంటుంది.

ఇక పుచ్చిన పంటి నొప్పికి ఒక వరస ఉంటుంది. మొదట్లో చన్నీళ్ళు తగిలితే జివ్వుమని, గుటక పడేసరికి తగ్గిపోతుంది. ఆ దశలో పిప్పి తీసి సిమెంటు నింపితే చాలు. ముదిరితే అదే నొప్పి నిమిషాల తరబడి సలుపుతుంది, పడుకోగానే ఎక్కువవుతుంది, చెవిలోకీ కణతలోకీ లాగుతూ ఏ పన్నో తేల్చుకోనివ్వదు. ఇంకా ముదిరి వేరు చివర చీము చేరినప్పుడు మాత్రం చెంచా కాడతో మెల్లగా తట్టినా రోగి ఉలిక్కిపడతాడు, పన్ను దొరికిపోతుంది. పొదిలి వాసి గారు వర్ణించిన నొప్పి వీటిలో దేనికీ పొసగడం లేదు. ముఖం తాకినా, నీళ్ళు చల్లినా, పళ్ళు తోమినా క్షణాలపాటు మెరిసి పోవడం, పోటుకూ పోటుకూ మధ్య ఏ బాధా లేకపోవడం, ఒకే పక్కకు పరిమితం కావడం, నిద్రకు అడ్డురాకపోవడం, యాభై దాటిన ఆడమనిషి కావడం, ఇవన్నీ కలిసినప్పుడు ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరాన్ని అనుమానించాలి. మెదడు అడుగున ఆ నరానికి రక్తనాళం ఒరుసుకోవడం చాలామందిలో దీనికి కారణం. నొప్పి పంటిలోనే ఉన్నట్టు తోస్తుంది కనుక వీరు ముందుగా వచ్చేది మా దగ్గరికే, పాడుకాని పళ్ళు పోగొట్టుకునేదీ ఇక్కడే. మనిషిని చూడకుండా ఇది అదేనని నేను చెప్పను. కాని మూడో పంటి మీద పటకారు పెట్టేముందు ఎక్స్-రే, చల్లదనం పరీక్ష, తట్టి చూడడం, వీటిలో ఒక్కటైనా ఆ పంటి వైపు వేలు చూపించాలి. ఏదీ చూపించకపోతే ఆ పన్ను జోలికి పోకూడదు.

కందుకూరు మాస్టారు:
డాక్టరుగారి వివరణ బాగుంది, కాని అది బల్లమీద కూర్చున్న రోగికి సరిపోయే వివరణ. ఆ బల్ల దాకా రావడానికి ఎంతవుతుందో కూడా లెక్కవేయాలి. ఒక కూలీకి పన్ను పోటెత్తితే రూట్ కెనాల్ (పన్ను తీయకుండా లోపలి నరం తీసి నింపే వైద్యం) అంటారు. అంటే రెండు మూడుసార్లు ఒంగోలుకో నెల్లూరుకో తిరగడం, వెళ్ళిన రోజల్లా కూలి పోవడం, ఆపైన క్యాప్, మొత్తం వేలల్లో ఖర్చు. పీకించుకుంటే ఒక్క పూటలో తీరిపోతుంది. ఇలాంటి మనిషిని పన్ను కాపాడుకోలేదని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. అందాకా లవంగనూనె, ఉప్పునీళ్ళు, మందుల షాపులో ఇచ్చే రెండు బిళ్ళలు, ఇవే మా వాళ్ళ వైద్యం. వీటిని నాటువైద్యమని తీసిపారేసేవారు వాటికి బదులుగా ఏం అందుబాటులో పెట్టారో కూడా చెప్పాలి.

నెల్లూరు దంతవైద్యురాలు:
మాస్టారూ, పుచ్చి పాడైపోయిన పన్ను తీయించుకోవడం కూడా వైద్యమే. దాన్ని నేను తక్కువచేసి మాట్లాడలేదు, స్తోమతను బట్టి మనిషి ఎంచుకునే హక్కు అది. నా అభ్యంతరం పాడుకాని పన్ను తీయడం మీద. ఒక పంటికి తీసే చిన్న ఎక్స్-రే ఖర్చు కట్టుడు పళ్ళ ఖర్చు ముందు లెక్కలోకే రాదు, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పళ్ళ విభాగాలున్నాయి, డెంటల్ కాలేజీల్లో ఫీజు బయటికంటే తక్కువ.

లవంగనూనెను నేను తీసిపారేయను. అందులోని యూజినాల్ నిజంగానే పంటిని తిమ్మిరెక్కిస్తుంది, మేం తాత్కాలికంగా నింపే సిమెంటులోనూ అదే ఉంటుంది. అయితే చిన్న దూదికి ఒక్క చుక్క అద్ది పిప్పిలోనే పెట్టాలి. చిగురు మీద పోస్తే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్ళను బుగ్గలో నొక్కి పెట్టుకున్నా అదే గతి, తెల్లగా కాలిన బుగ్గతో వచ్చినవారిని నేను చూస్తూనే ఉంటాను. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం మంచిదే. వాచిన దవడకు బయటినుంచి చల్లటి గుడ్డ వేయాలి గాని వేడి కాపడం పెట్టకూడదు. బిళ్ళల్లో పారాసిటమాల్ చెప్పిన మోతాదు మించకుండా వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం కడుపులో పుండు ఉన్నవారికీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, డెంగీ అనుమానం ఉన్న జ్వరంలోనూ పనికిరావు. పంటి నరం వాచిన నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. చీముతో వాపు, జ్వరం వచ్చినప్పుడు దాని అవసరం పడుతుంది, అప్పుడు కూడా ఆ పన్నుకు వైద్యం చేయించడం తప్పదు. గడ్డం కింద గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమైతే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, అది ఊపిరికి అడ్డంపడే వాపు.

ఉలవపాడు నుంచి:
చర్చ పళ్ళ చుట్టూనే తిరుగుతోంది కనుక ఒక మాట చెప్పాలి. మా పెదనాన్నకు ఎడమ కింది దవడ లాగేది. మామిడి తోటలో కాయల గంప ఎత్తుకుని గట్టు ఎక్కేటప్పుడు వచ్చేది, గంప దించి కూర్చుంటే తగ్గేది. ఆయన పుగాకు నమలడం మానేశాడు, పళ్ళపొడి మార్చాడు. షుగరు పరీక్షకు వెళ్ళినప్పుడు మాటవరసకు చెబితే డాక్టరు వెంటనే ఈసీజీ తీయించాడు. అది గుండె నొప్పి. పనిచేస్తే వచ్చి కూర్చుంటే పోయే దవడ నొప్పిని పంటి డాక్టరుకు చూపిస్తూ కాలం గడపకండి. చెమటలు పట్టి, ఆయాసం కూడా వస్తే 108కి ఫోన్ చేయండి.

మెట్ట రైతు:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. అక్కగారి పన్ను సంగతి వదిలేయండి. మా ఊళ్ళో ఆవులిస్తే దవడ పట్టేసేవాళ్ళు, జొన్నరొట్టె నమల్లేక పాలలో నానేసుకుని తినేవాళ్ళు ఉన్నారు. అందరికీ నరం జబ్బేనా? కీళ్ళ కట్లు బిగుసుకుపోయే చోట దవడ కీలు బిగుసుకోదని డాక్టరుగారు హామీ ఇస్తారా?

నెల్లూరు దంతవైద్యురాలు:
హామీ ఇవ్వను. ఎముకల ఫ్లోరోసిస్ ఎక్కువగా పట్టేది వెన్నునూ, కటి భాగాన్నీ, పెద్ద కీళ్ళనూ. అది ముదిరినవారిలో దవడ కీలు మాత్రం క్షేమంగా ఉంటుందని నేను వాదించను. అయితే దవడ పట్టేయడానికి అంతకంటే తరచుగా కనిపించే కారణాలు మన కళ్ళెదుటే ఉన్నాయి. వాటిని దాటి నీళ్ళ దగ్గరికి పోతే, నయమయ్యే మనిషి నయంకాకుండా మిగిలిపోతాడు. మీ ఊళ్ళో దవడ పట్టేసినవారిని నోరు తెరిచి, వారి చేతి మూడు వేళ్ళు ఒకదాని కింద ఒకటిగా నిలువుగా పళ్ళ మధ్య పెట్టమనండి. మూడూ పడితే నోరు సరిగ్గానే తెరుచుకుంటోంది. రెండు కూడా పట్టక, కారం తగిలితే బుగ్గలు మండుతూ, బుగ్గ లోపల తెల్లగా గట్టి పట్టీలు తగులుతుంటే, గుట్కా గాని వక్క గాని నమిలే అలవాటుందా అని అడగండి. వక్కవల్ల నోటి పొర బిగుసుకుపోయే ఆ జబ్బు కొందరిలో క్యాన్సరుగా మారుతుంది, దానికీ బోరు నీళ్ళకూ సంబంధం లేదు.

నోరు తెరుచుకుంటూనే చెవి ముందర కటుక్కుమంటూ, తెల్లవారి లేచేసరికి చెంపలు బరువెక్కి ఉంటే నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో పక్కన పడుకున్నవారిని అడిగితే తెలుస్తుంది. దానికి కొన్ని వారాలు మెత్తటి తిండి, చెంపలకు వేడి కాపడం (ఇక్కడ వాపు ఉండదు కనుక వేడి మంచిదే), పెద్దగా ఆవులించకుండా గడ్డం కింద చెయ్యి ఆనించుకోవడం, అవసరమైతే రాత్రిపూట పళ్ళకు తొడిగే గార్డు సరిపోతాయి. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళకు దవడ పట్టేస్తే అది చాలావరకు జ్ఞానదంతం పైన చిగురు వాచడమే. జలుబు తరువాత ముందుకు వంగితే పై దవడ పళ్ళన్నీ బరువెక్కితే సైనస్ చూపించాలి. ఇవన్నీ కాదని తేలాక, మెడా నడుమూ కూడా బిగిసి ఉన్న మనిషిలో నీళ్ళను అనుమానించండి, అప్పుడు నేనూ మీతో కలిసి అనుమానిస్తాను.

కందుకూరు మాస్టారు:
గుట్కా మాట నిజం. మా బడి గోడ పక్కన ఊడ్చినప్పుడల్లా ఆ పొట్లాలే వస్తాయి. రైతుగారు నీళ్ళ మీద చూపే పట్టుదలలో సగం దాని మీద చూపినా బాగుండును.

పొదిలి వాసి:
అందరికీ ధన్యవాదాలు. అక్క పుట్టిల్లు కావలి. పెళ్ళయ్యాకే మెట్టకు వచ్చింది, పళ్ళ మీద మచ్చలేమీ లేవు. డాక్టరుగారు చెప్పిన మూడు పరీక్షలూ చేయించకుండా మూడో పన్ను తీయించేది లేదని బావగారితో చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కాని ఒంగోలులో నరాల డాక్టరుకు చూపించడానికి సరేనన్నారు. పోటు ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపు ఉంది అనేది మేనకోడలు కాగితం మీద రాసిపెడుతోంది. ఊళ్ళో ఎవరో ఇలాంటి నొప్పికే వాడుతున్న కార్బమజెపిన్ బిళ్ళలు ఇస్తామన్నారు. అవి మొదలుపెట్టవచ్చా?

నెల్లూరు దంతవైద్యురాలు:
ఆ నొప్పికి మొదట వాడేది ఆ మందే, అయినా ఒకరి బిళ్ళలు ఇంకొకరికి వద్దు. మోతాదు తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, రక్తపరీక్షలు చేయించాలి. ఒంటి మీద దద్దురు కనిపిస్తే అప్పటికప్పుడు ఆపి డాక్టరును కలవాలి. రాసిపెట్టిన కాగితం తప్పకుండా తీసుకువెళ్ళండి. పాత ఎక్స్-రేలుంటే అవి కూడా.

మెట్ట రైతు:
అక్కగారి పుట్టిల్లు కావలి అన్నాక ఆమె పళ్ళ విషయంలో నేను పట్టుబట్టను. బావగారి ఇంటి బోరు మాత్రం ఇంకా అలాగే ఉంది. ఒంగోలు ఎలాగూ వెళుతున్నారు కనుక ఒక లీటరు బోరు నీళ్ళు కూడా పట్టుకుని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. గాజు సీసాలో వద్దు, ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్ సీసా కావాలి. అదే నీళ్ళతో సీసాను రెండుసార్లు తొలిచి, బోరు కాసేపు నడిచాక పట్టండి. వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి. 1.5 దాటితే నా వాదన మళ్ళీ మొదలవుతుంది, మాస్టారు గుట్కా సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం.