మర్రి బోన్సాయ్‌కి కుండీ మార్చాలా, ఇంకో ఏడాది ఆగాలా?

మిద్దెమర్రి (అనంతపురం):
అందరికీ నమస్కారం. నా దగ్గర మర్రి బోన్సాయ్ ఒకటుంది. మా పాత ఇంటి పిట్టగోడ సందులో మొలిచిన మొక్క. గోడ కొట్టేటప్పుడు తీసి పెట్టుకుని పదకొండేళ్లయింది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసొచ్చినప్పటి నుంచి ఇంట్లోనూ ఒక ఊడల చెట్టు ఉండాలని నా కోరిక, అందుకే దీనిమీద అంత ప్రాణం.

ఇప్పుడున్న ట్రేలో పెట్టి నాలుగేళ్లయింది. రెండు నెలలుగా నీళ్లు పోస్తే లోపలికి దిగడం లేదు. కాసేపు పైనే నిలిచి అంచు మీదుగా కారిపోతున్నాయి. కింది ఆకులు కొన్ని పండి రాలాయి. మొదలు కూడా ట్రే అంచుకంటే కాస్త పైకి లేచినట్టుంది. నర్సరీలో అడిగితే "రెండేళ్లకోసారి మట్టి మార్చాల్సిందే, ఇప్పుడే మార్చండి" అన్నారు. బయట ఎండ చూస్తే భయమేస్తోంది. మే నెల సగం కూడా కాలేదు. ఏం చూసి నిర్ణయించుకోవాలి?

పెన్నగట్టు (కడప):
అన్నా, ఏళ్లు లెక్కపెట్టొద్దు. చెట్టును లేపి చూడు. అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

ఒకరోజు నీళ్లు తగ్గించు. ట్రేకి కట్టిన తీగ ఉంటే కింద కత్తిరించు. సన్నని కత్తిని అంచు చుట్టూ తిప్పి, మొదలు పట్టుకుని ఒక పక్కకు మెల్లగా వంచితే మట్టిగడ్డ మొత్తం లేస్తుంది. వేళ్లు గోడల వెంబడి చుట్లు చుట్లుగా తిరిగి, అడుగున కొబ్బరిపీచు పట్టాలాగా అల్లుకుని, మట్టి కనిపించకపోతే టైం అయినట్టే. మట్టి ఇంకా కనిపిస్తా, వేళ్ల కొనలు తెల్లగా ఉంటే అట్లే దించి పెట్టేయ్. లేపి చూసినంత మాత్రాన మర్రికి ఏమీ కాదు. నేను ప్రతి ఏడూ చూస్తా.

మొదలు పైకి లేచిందన్నావు చూడు, అది పెద్ద గుర్తు. అడుగున వేళ్లకు చోటు లేక చెట్టును పైకి నెడతాయి.

నల్లరేగడి (కర్నూలు):
నీళ్లు నిలవడం గురించి ఒక్క మాట. దానికి కారణం ఎప్పుడూ వేళ్లే కాదు. పొలం గట్టున దొరికిన చింతమొక్కను నేను మొదట అక్కడి రేగడి మట్టితోనే ట్రేలో పెట్టాను. తడిసినప్పుడు జిగురుముద్ద, ఎండితే గట్టిపడి ట్రే గోడకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే కిందికి పోయేవి. అడుగు నుంచి కారుతున్నాయి కదా, బాగా తడిసిందనుకున్నా. నడిమి వేళ్లకు చుక్క అందలేదు. కొమ్మ కొసలు ఎండాక గానీ తెలియలేదు, ఒక పక్క కొమ్మ మొత్తం పోయింది. ఆ చెట్టును చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధే.

కాబట్టి లేపే ముందు ఇంకోటి చేయండి. టబ్బులో నీళ్లు పోసి ట్రేని అంచుదాకా ముంచి పావుగంట ఉంచండి. బుడగలు ఆగాక తీసి, మర్నాడు మామూలుగా నీళ్లు పోసి చూడండి. అప్పుడు చక్కగా దిగితే మట్టి అతిగా ఎండి నీటిని పట్టుకోవడం మానేసిందని అర్థం. కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపిన మట్టికి మన ఎండల్లో ఇది మామూలే. ముంచి తీసినా దిగకపోతే అప్పుడు వేళ్లయినా అల్లుకుని ఉండాలి, మట్టయినా పిండిలా కూరుకుపోయి ఉండాలి. రెండింటికీ మందు కొత్త మట్టే.

బోరునీళ్లు (అనంతపురం):
ఆకులు పండాయని కుండీ మార్చకండి, దయచేసి. నేను అలా ఒక చెట్టును పోగొట్టుకున్నాను. తొమ్మిదేళ్ల వేప. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. వేళ్లకు చోటు చాలలేదనుకుని ఏప్రిల్ చివర తీసి, మట్టంతా గొట్టంతో కడిగి, వేళ్లు సగం కత్తిరించి పెట్టాను. పదిహేను రోజులు కూడా నిలవలేదు. తీసినప్పుడు వేళ్లు బాగానే ఉన్నాయి, ట్రేలో ఇంకా చోటుంది. అది చూసి కూడా నేను ఆగలేదు.

తర్వాత తెలిసింది, తేడా నీళ్లలో ఉందని. మా బోరు నీళ్లు ఉప్పు. ట్రే అంచున, మొదలు చుట్టూ తెల్లగా పేరుకునేది. సున్నం ఎక్కువై మట్టి క్షారమైతే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, అందుకే లేత ఆకులు ముందు పసుపెక్కుతాయి. మీ చెట్టుకు కింది ముదురు ఆకులు కదా పండింది, అది వేరే సంగతి. వేళ్లు ఇరుకైనా, నత్రజని లాంటి పోషకం తగ్గినా ముదురు ఆకులే ముందు పోతాయి. ఏ ఆకులో చూడటం ముఖ్యం. ఇప్పుడు నేను వాన నీళ్లు డ్రమ్ములో పట్టి వారానికోసారి ట్రే అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తాను, ఉప్పు కొట్టుకుపోతుంది.

కాగితంపూలు (ప్రొద్దుటూరు):
బోన్సాయ్ అంతా ఒకటే అనుకోవద్దని మాత్రం చెప్పాలి. నా దగ్గర కాగితంపూల చెట్టు ఆరేళ్లుగా అదే కుండీలో ఉంది, వేళ్లు ఇరుకైతేనే బాగా పూస్తోంది. దాని వేళ్లు పెళుసు, ఊరికే తెగుతాయి. కుండీ మార్చినా గడ్డ చెదరకుండా మారుస్తా. ఎడారి గులాబీకి గుర్తే వేరు: మొదలు లావై ప్లాస్టిక్ కుండీ పక్కకు ఉబ్బుతుంది. మార్చాక దానికి నాలుగైదు రోజులు నీళ్లు పోయను, తెగిన చోటు ఆరకపోతే కుళ్లుతుంది.

మిద్దెమర్రి (అనంతపురం):
ఎంతో వివరంగా చెప్పారు, అందరికీ దండాలు. టబ్బులో ముంచి చూశాను. మర్నాడు మళ్లీ అదే కథ, నీళ్లు పైనే. రాత్రి ధైర్యం చేసి లేపాను. పెన్నగట్టు అక్క చెప్పిన కొబ్బరిపీచు పట్టాయే! అడుగున వేళ్లు మూడు వరసలు. రంధ్రాలకు వేసిన జాలీని కూడా చీల్చుకుని బయటికొచ్చాయి. మట్టి కనిపించలేదు. మళ్లీ దించి పెట్టాను. ఇక మార్చాలన్నది ఖాయం. ఎప్పుడు?

పెన్నగట్టు (కడప):
రోహిణి కార్తె పోనీ అన్నా. రోళ్లు పగిలే ఎండలో తెగిన వేళ్లు నీళ్లు లాగలేవు, ఆకులేమో ఆవిరి వదులుతానే ఉంటాయి. మృగశిర వచ్చి రెండు వానలు పడి, గాలిలో తడి వచ్చినాక చెయ్. మర్రి, రావి, జువ్వి వేడిని ఇష్టపడే చెట్లే, రాత్రిళ్లు వెచ్చగా ఉన్నప్పుడే వేరు తొందరగా వస్తుంది. చలికాలంలో మాత్రం ముట్టుకోవద్దు.

అంతవరకు ట్రేని మధ్యాహ్నం ఎండ తగలని చోటికి జరుపు. పొద్దున, సాయంత్రం ముంచి తియ్.

నల్లరేగడి (కర్నూలు):
మట్టి గురించి: ఇటుక ముక్కలు శనగగింజంత సైజులో దంచి, దుమ్మంతా జల్లెడ పట్టేయండి. ఆ దుమ్మే తర్వాత అడుగున కూరుకుని నీళ్లు ఆపుతుంది. ఇటుక ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు. నాకు ఇది బాగా కుదిరింది. మీ ఎర్రనేల కలిపితే గుప్పెడు చాలు.

వేళ్లలో మూడో వంతుకు మించి ఈసారి తీయకండి. అడుగునా, అంచుల వెంబడీ చుట్టుకున్నవి తీసి, మొదలు దగ్గరి మట్టి కదపకుండా ఉంచండి. ఊడలు మట్టిలోకి దిగి ఉంటే వాటి దారి వదిలేయండి. వెదురు పుల్లతో కొత్త మట్టిని వేళ్ల మధ్యకు పొడిచి నింపండి, లోపల ఖాళీ మిగిలితే అక్కడ వేరు ఎండుతుంది. చెట్టు కదలకుండా రంధ్రాల్లోంచి తీగతో కట్టండి. ఊగే చెట్టుకు కొత్త వేరు పట్టదు.

బోరునీళ్లు (అనంతపురం):
మార్చిన తర్వాత, మట్టిలో కలిపింది కాక నెలరోజులు వేరే ఎరువు వద్దు. నీడలో రెండు మూడు వారాలు. కొన్ని ఆకులు రాలితే కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి.

మిద్దెమర్రి (అనంతపురం):
జూన్ నెలాఖరు కబురు. మృగశిరలో రెండో వాన పడిన మర్నాడు మార్చాను. మూడో వంతు వేళ్లు తీశాను, చేతులు వణికాయి. మొదటి వారం పదహారు ఆకులు రాలాయి. రోజూ లెక్కపెట్టి రాసుకున్నాను. ఇప్పుడు నీళ్లు పోసిన క్షణంలో లోపలికి దిగి అడుగు నుంచి కారుతున్నాయి. ఈ పొద్దు చూస్తే పైకొమ్మ కొసన మొగ్గ తొడుగు రాలి, లేత ఆకు ఒకటి విచ్చుకుంటోంది. ఇంకా నీడలోనే ఉంది. ఎండలోకి ఒకేసారి పెట్టాలా, రోజుకు గంట చొప్పున అలవాటు చేయాలా?

పెన్నగట్టు (కడప):
పొద్దుటి ఎండ గంటతో మొదలుపెట్టన్నా. ఆ ఆకు ముదిరి పచ్చబడినాక రెండు గంటలు చెయ్.